సవరణ: తప్పు ప్రేక్షకులది కాదు
మారతహళ్లిలో ఒక చిన్న తెలుగు సినిమాని వారం తిరక్కుండానే ఎత్తేశారని మొన్న రాస్తూ, 'బెంగళూరులో మనవాళ్లు చూడట్లేదు' అని తేల్చేశాను. అది తప్పు. దానికి ఇచ్చింది రోజుకి ఒకే షో, అదీ ఉదయం తొమ్మిదింపావుకి. ఆఫీసులున్న రోజున ఆ టైముకి ఎవరు రాగలరు? శనివారం పదకొండు మందిమి ఉన్నాం. ఒక పెద్దాయన టిఫిన్ కూడా తినకుండా రెండు బస్సులు మారి వచ్చారు.

ఇంకొకటి. డిజిటల్ ప్రొజెక్షన్ ఖర్చంతా థియేటర్లదే అన్నాను. కాదు, వర్చువల్ ప్రింట్ ఫీజు పేరుతో అది నిర్మాత మీద కూడా పడుతుంది. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు కొత్త రిలీజులు ఆపింది ఈ ఛార్జీల మీదే. పెద్ద సినిమాకి అదొక లెక్క కాదు, చిన్న నిర్మాతకి మాత్రం నడ్డి విరిగినట్టే.

మనవాళ్లని తప్పుపట్టిన ఆ వాక్యం తీసేశాను. క్షమించండి.