అంగన్‌వాడీకి రెండో టీచరమ్మ కావాలి

అంగన్‌వాడీలన్నీ ప్రీస్కూళ్లు కావాలన్న మీ వ్యాసం చదివాను. నేనూ అదే కోరుకుంటున్నా. కానీ చదువు చెప్పేదెవరండీ? మా పాప వెళ్లే సెంటర్‌లో టీచరమ్మ ఒక్కరే. పలకలిచ్చి 'అ' దిద్దించడం మొదలుపెడతారు, అంతలోనే ఫోన్ తీసి పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో హాజరు, బరువులు ఎక్కించాలి. నెట్ తిరుగుతూనే ఉంటుంది. పిల్లలేమో పలకలు ఒళ్లో పెట్టుకుని ఆవిడ మొహం వంకే చూస్తూ కూర్చుంటారు. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

1975లో అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైనప్పుడే ఆరేళ్లలోపు పిల్లల చదువు అందులో భాగం. 2002లో 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కు చేసింది. అంతకంటే చిన్నవాళ్లకు 45వ అధికరణంలో 'ప్రభుత్వం ప్రయత్నించాలి' అన్న మాటే దక్కింది. అది ఆదేశిక సూత్రం, అంటే ప్రభుత్వానికి దారి చూపే మాట మాత్రమే. దాన్ని పట్టుకుని కోర్టుకెళ్లి హక్కుగా అడగలేం కదా! 2020 విద్యా విధానం ఈ వయసు గురించి ఎంతో చెప్పింది, సంతోషం. కానీ టీచరమ్మలకు ఇచ్చేది ఇప్పటికీ జీతం కాదు, గౌరవ వేతనం. ముందు ప్రతి సెంటర్‌కీ పాఠం చెప్పడానికే ఇంకొకరిని వేయండి. రంగులు, బొమ్మలు తర్వాత చూసుకోవచ్చు.