నాలుగు కౌంటు, ఆరు కౌంటు

నెల్లూరులో ఊపిరి తీసుకోవడం నేర్పే ఆసుపత్రులు పొగతోటలో ఉంటాయి. పేటకు ఆ పేరు పెట్టిన పెద్దలెవరో గానీ నమస్కారం. పోయిన నెల నేనూ అక్కడికే వెళ్ళి నేర్చుకొచ్చాను. బీపీ 160 చూపించింది. ఏం చేస్తుంటారని డాక్టరు గారు అడిగారు. విడవలూరు పక్కన రెండెకరాల రొయ్యల గుంట అన్నాను. ఇక వేరే పరీక్షలు అక్కర్లేదన్నట్టు తలాడించారు.

"నాలుగు కౌంటు పీల్చండి, ఆరు కౌంటు వదలండి" అన్నారు.

నేను కుర్చీలోంచి లేవబోయాను. మా భాషలో కౌంటంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. వంద కౌంటంటే చిన్నవి, ముప్పై కౌంటంటే ఆ ఇంట్లో పెళ్ళి పెట్టుకోవచ్చు. నాలుగు కౌంటు వెనామీ, అంటే మేం పెంచే రకం రొయ్య, నేను కల్లో కూడా చూడలేదు.

"ఆ కౌంటు కాదండీ, సెకన్లు."

ఊపిరికి పది సెకన్లు, నిమిషానికి ఆరు ఊపిర్లు. ఊరికే కూర్చున్న మనిషి మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు పీలుస్తాడట. అంటే సగానికి సగం కోత. కోతలు మాకు కొత్తేం కాదు గనక ఒప్పుకున్నాను. పీల్చేటప్పుడు గుండె కాస్త జోరందుకుంటుందట, వదిలేటప్పుడు వేగస్ అనే నరం దానికి కళ్ళెం వేస్తుందట. అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి, ఛాతీ కాదు పొట్ట ఉబ్బాలి. పొట్ట ముందే ఉబ్బి ఉంది సార్ అంటే, దానికి వేరే చీటీ రాశారు.

ఇది పనిచేస్తుంది. దబాయించి పీలిస్తే తల తిరుగుతుంది గానీ, మెల్లగా ఓ పది నిమిషాలు చేస్తే బిగుసుకున్న భుజాలు దిగుతాయి. నా ఫిర్యాదు ఊపిరి మీద కాదు. దాన్ని సలహాగా ఇచ్చేవాళ్ళ మీద. మేత కొట్టాయన ఫోన్ చేసి, "టెన్షన్ పడబాకన్నా, గట్టిగా ఊపిరి పీల్చుకో, సాయంత్రంలోపు బాకీ పంపించు" అంటాడు. కొనే ఆయన రాత్రి చెప్పిన రేటు పొద్దున కోసి, "కూల్‌గా ఉండన్నా" అంటాడు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మా గట్టు మీద కూల్‌గా ఉన్నవి రొయ్యలు మాత్రమే. అవి పేపరు చదవవు. పైగా మనం తలకాయ అనే భాగంలోనే వాటికి గుండె ఉంటుంది. గుండె ఒకటి, తల ఒకటి చెప్పే బాధ లేదు.

మొన్న రాత్రి రెండున్నరకు నిద్రపట్టక మంచం మీదే మొదలుపెట్టాను. నాలుగు పీల్చి, ఆరు వదిలి. మూడో ఊపిరికి ఫ్యాను ఆగింది. నాలుగో ఊపిరికి ఫోను మోగింది. గుంట కాడ కుర్రోడు.

"అన్నా, కరెంటు పోయింది. ఏరియేటర్లన్నీ ఆగిపోయుండాయి."

"జనరేటర్ వెయ్యరా."

"అందుకోవడం లా."

చీకట్లో నీళ్ళలోని పాచి ఆక్సిజన్ తయారుచెయ్యదు, తిరిగి తనే తాగేస్తుంది. తెల్లవారే ముందు గుంటలో ఊపిరి అడుగంటుతుంది. నీళ్ళు చిలికి గాలి కలిపే ఆ ఏరియేటర్లతో, లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల ఆక్సిజనైనా నిలవాలని మేం కొట్టుకుంటాం. నేను బండి తీసి, దారంతా నాలుగు, ఆరు లెక్కపెట్టుకుంటూ పోయాను. మధ్యలో కరెంటు వాళ్ళకు ఫోన్ చేస్తే, "టెన్షన్ పడకండి సార్, పడుకోండి" అన్నారు. వాళ్ళకూ ఎవరో ఊపిరి నేర్పినట్టున్నారు.

టార్చి వేస్తే గట్టు వారన మీసాలు కనబడ్డాయి. వేలల్లో. రొయ్యలు పైకి తేలి గాలికోసం తారట్లాడుతున్నాయి. వాటికి నాలుగు కౌంటు, ఆరు కౌంటు ఎవరు చెప్పాలి? కుర్రోడు ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతున్నాడు, నేను జనరేటర్ హ్యాండిల్ తిప్పుతున్నాను. తొమ్మిదోసారికి అది దగ్గి, పొగ కక్కి, అందుకుంది. ఎనిమిది ఏరియేటర్లు ఒక్కసారిగా నీళ్ళు చిమ్మాయి. కాసేపటికి మీసాలు కిందికి దిగాయి. అప్పుడు చూసుకుంటే, నేను ఎంతసేపట్నుంచి ఊపిరి బిగబట్టి ఉన్నానో నాకే తెలియలేదు.

నిన్న మళ్ళీ పొగతోట వెళ్ళాను. బీపీ 140కి దిగింది. డాక్టరు గారు సంతోషించారు. "చూశారా, ఊపిరి మహిమ" అని, చీటీ మడిచి చేతిలో పెడుతూ గొంతు తగ్గించారు.

"రొయ్యల పట్టుబడి ఎప్పుడండీ? ముప్పై కౌంటు ఉంటే ఒక ఐదు కిలోలు ఇంటికి పంపించండి."

రేటు సంగతి ఎత్తలేదు. నేను పొట్ట నిండా పీల్చి, ఆరు దాకా లెక్కపెడుతూ మెల్లగా వదిలాను.