ఆ చిప్స్ ఎందుకు నల్లబడ్డాయి

ఇంగ్లండులో ఉండే మన సంఘం కుటుంబాలు ఆగస్టు సెలవుల్లో విశాఖ వచ్చినప్పుడు జరుపుకునే కలయికలో ఈసారి పిల్లలకు బంగాళాదుంప చిప్స్ రుచి పోటీ పెట్టారు. ఎంవీపీ కాలనీ హాల్లో, భోజనాలకు ముందు. ఇంగ్లండు నుంచి సూట్‌కేసుల్లో వచ్చిన సాల్ట్ అండ్ వెనిగర్, చీజ్ అండ్ ఆనియన్, ఇక్కడి దుకాణంలో కొన్న నీలం ప్యాకెట్ మ్యాజిక్ మసాలా, నాలుగోది పూర్ణా మార్కెట్ వైపు ఒక హాట్ చిప్స్ కొట్టు నుంచి తెప్పించిన కారం చిప్స్. పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని తిని మార్కులు వేశారు. నాలుగోదానికి ఆఖరి స్థానం వచ్చింది. పిల్లల నోటికి ఏది నచ్చితే అదే, దాన్ని తప్పుపట్టలేం. కానీ మైకు పట్టుకున్నవారు ఆ పళ్ళెంలోంచి నల్లగా ఉన్న ముక్కొకటి తీసి, పైకెత్తి అందరికీ చూపించి, "మనవాళ్ల పని ఇంతే" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ చిప్స్ వేయించి తెచ్చినాయన డబ్బుల కోసం గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు.

ఆ మాట అన్యాయం. సాక్ష్యం ఆ పళ్ళెంలోనే ఉంది. మూకుట్లో నూనె మితిమీరి కాగితే వాయి వాయంతా ఒకే తీరుగా మాడుతుంది. అక్కడ మాత్రం ఒక ముక్క బంగారు రంగు, పక్కది ఇటుక రంగు, ఇంకొకటి పూర్తిగా నలుపు. ఒకే నూనెలో, ఒకే సెగ మీద, ఒకేసారి వేగిన ముక్కలు ఇన్ని రంగుల్లో తేలాయంటే తేడా దుంపలో ఉంది.

విశాఖలో మనం కొనే బంగాళాదుంపల్లో ఎక్కువ భాగం బెంగాల్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి లారీల మీద వస్తుంది. అక్కడి మైదానాల్లో ప్రధాన పంట తవ్వేది జనవరి నుంచి మార్చి దాకా. ఆ తర్వాత కొత్త పంట వచ్చేవరకు తినేదంతా కోల్డ్ స్టోరేజీ సరుకే. మొలకెత్తకుండా కూర దుంపను 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. ఆ చలికి దుంపలోని పిండిపదార్థం కొంత గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా మారుతుంది. కాగిన నూనెలో ఈ చక్కెరలు దుంపలోని అమైనో ఆమ్లాలతో కలిసి రంగు తెస్తాయి. చక్కెర కొంచెమైతే బంగారు రంగు, ఎక్కువైతే నలుపూ చేదూ. పైగా చక్కెర దుంపంతటా సమంగా ఉండదు, చాలాసార్లు కాడ వైపు కొసలో ఎక్కువ చేరుతుంది. అందుకే ఒకే దుంపలో నడిమి ముక్కలు బాగుండి కొస ముక్కలు నల్లబడతాయి. మార్చిలో అదే మనిషి, అదే మూకుట్లో వేయించిన చిప్స్ చూసినవారు ఆగస్టు చిప్స్ చూసి అతని చేతిని తప్పుపట్టరు.

నలుపును వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఆ రంగుతోపాటే క్యాన్సర్ తేవచ్చని అనుమానించే అక్రిలమైడ్ అనే పదార్థం కూడా పుడుతుంది. వేయించిన, కాల్చిన, పిండిపదార్థం ఎక్కువున్న తిండిలో అది ఉందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. యూరప్‌లో చిప్స్‌కు కిలోకు 750 మైక్రోగ్రాములను ప్రమాణంగా పెట్టుకున్నారు. నల్ల ముక్క పిల్లల చేతికి వెళ్లకూడదు. అది రాకుండా చేసే వీలు ఎవరికుంది, ఎవరికి లేదు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఫ్యాక్టరీకి ఆ వీలుంది, ఎందుకంటే ఫ్యాక్టరీ కూర దుంప కొనదు. చిప్స్ కోసమే పెంచిన రకాలున్నాయి. సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ 1998లో విడుదల చేసిన కుఫ్రీ చిప్సోనా-1 అలాంటిదే. అట్లాంటిక్, లేడీ రొసెట్టా బయటి నుంచి వచ్చిన రకాలు. 2019లో పెప్సీకో గుజరాత్ రైతుల మీద కేసులు వేసి వెనక్కి తీసుకున్నది కూడా ఎఫ్‌సీ5 అనే చిప్స్ దుంప గురించే. ఈ రకాల్లో నీరు తక్కువ, గట్టి పదార్థం 20 శాతం పైన. చక్కెర 0.1 శాతం దాటకుండా చూస్తారు. వీటిని 10 నుంచి 12 డిగ్రీల దగ్గరే నిల్వ చేసి, మొలకను మందుతో ఆపుతారు. దుంప దిగేముందే కొన్ని ముక్కలు వేయించి చూసి, రంగు బాగోకపోతే లారీని వెనక్కి పంపేస్తారు.

తర్వాతిదంతా యంత్రాల పని. రాళ్లు ఏరి, గరుకు రోలర్ల మధ్య చెక్కు తీసి, గుండ్రంగా తిరిగే కత్తుల్లో మిల్లీమీటరున్నర మందాన కోస్తారు. పైనున్న పిండి పోయేలా కడిగి, తడి ఆరబెట్టి, సుమారు 180 డిగ్రీల నూనె కాలువలో మూడు నిమిషాలు నడిపిస్తారు. దుంపలో 80 శాతం దాకా ఉన్న నీరు 2 శాతానికి దిగుతుంది, ఆ చోటులోకి నూనె చేరుతుంది. పూర్తయిన చిప్‌లో మూడో వంతు నూనే. ఆపై కెమెరాలు ఒక్కో ముక్కనూ చూసి నల్లవాటిని గాలి దెబ్బతో పక్కకు నెట్టేస్తాయి. ప్యాకెట్లో నల్ల ముక్క కనపడకపోవడానికి ఇది పెద్ద కారణం. చివరికి నైట్రోజన్ నింపి, వెలుతురు చొరని, వెండిలా మెరిసే అల్యూమినియం పూత కవరులో మూస్తారు. గాలీ వెలుతురూ తగిలితే నూనె కంపు కొడుతుంది.

హాట్ చిప్స్ కొట్టులో కెమెరా లేదు, చిప్సోనా లేదు, జ్ఞానాపురం హోల్‌సేల్‌లో ఆ రోజు దొరికిన బస్తా ఉంది. అయినా చేయగలిగింది చాలా ఉంది, చేతకాని పని అందులో ఒక్కటీ లేదు.

మొదటిది దుంప ఎంపిక. లీటరు నీళ్లలో 120 గ్రాముల ఉప్పు కరిగించి అందులో దుంప వేస్తే, మునిగింది చిప్స్‌కు పనికొస్తుంది, తేలింది కూరకు. తేలినదాంట్లో నీరెక్కువ, ఎంత వేయించినా మెత్తన, నూనె కూడా ఎక్కువ పీలుస్తుంది. మునిగిన దుంపనొకదాన్ని నిలువుగా కోసి ఒక్క ముక్క వేయించి చూస్తే కాడ వైపు నల్లబడుతుందో లేదో తెలిసిపోతుంది. నల్లబడితే ఆ బస్తాను చీకటి గదిలో 18, 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వారాలు ఉంచాలి. చక్కెరలో చాలా భాగం తిరిగి పిండిగా మారుతుంది, కొంత దుంప ఊపిరికే ఖర్చవుతుంది. గదిలో వెలుతురుంటే దుంప పచ్చబడి చేదెక్కుతుంది కాబట్టి గోనె కప్పాలి. మరీ ఎక్కువ కాలం చలిలో పడున్న దుంప ఈ వైద్యానికి కూడా లొంగదు, దాన్ని కూరకు పంపేయడమే.

అంత వ్యవధి లేనప్పుడు కోసిన ముక్కలను 70 డిగ్రీల వేడినీళ్లలో రెండు నిమిషాలు ఉంచి తీస్తే పైపై చక్కెర నీళ్లలోకి దిగుతుంది. ఇంకా ఉంచితే రుచి కూడా నీళ్లలోకే పోతుంది. ఆ తర్వాత గుడ్డ మీద పూర్తిగా ఆరనివ్వాలి. తడి ముక్క నూనె పొంగిస్తుంది, సెగ దించేస్తుంది.

వేయించడంలో జరిగే తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే, మూకుడు నింపేయడం. లీటరు నూనెకు 100 గ్రాముల ముక్కలు దాటితే నూనె 180 నుంచి 140కి పడిపోయి, ముక్క పైన పొర కట్టకముందే మెత్తబడుతుంది. బుడగలు రావడం దాదాపు ఆగిందంటే నీరు పోయినట్టు, అప్పుడే తీయాలి. తీసిన వెంటనే చిల్లుల గరిటెను గట్టిగా విదిలించాలి. చిప్‌లోకి చేరే నూనెలో ఎక్కువ భాగం మూకుట్లోంచి బయటికొచ్చాకే లోపలికి వెళ్తుంది. ముక్క చల్లబడేకొద్దీ లోపలి ఆవిరి నీరై, పైన అంటిన నూనెను లోనికి లాగుతుంది. పళ్ళెంలో కుప్పగా పోసి వదిలేసిన చిప్స్ జిడ్డోడటానికి కారణమిదే.

కొట్టువాళ్లను తప్పుపట్టాల్సిన చోటు నూనె. చాలా కొట్లలో నిన్నటి నూనెలోనే కొత్త నూనె కలుపుతారు. మళ్లీ మళ్లీ కాచగా చెడిన నూనెలో పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం 2018 జూలై నుంచి అమల్లో ఉంది. నూనె ముదురు గోధుమరంగుకు తిరిగి, నురుగు కట్టి, పొగ త్వరగా లేస్తుంటే పారబోయాల్సిందే. అచ్చు కాగితంలో చుట్టివ్వడం కూడా ఆపాలి, సిరా నూనెలో కరుగుతుంది. ఈ రెండు విషయాల్లో మనవాళ్లను గట్టిగా అడగాలి, అడిగే హక్కు కొనేవాడికి ఉంది.

ఆ రోజు పోటీలో ఇంకో అన్యాయం కూడా జరిగింది. కారం చిప్స్‌ను పొద్దున్నే వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లో పోయించి ముడి వేయించారు, కవరు లోపల ఆవిరి చెమట పట్టింది. తర్వాత పళ్ళెంలో పోసి గంటసేపు ఫ్యాను కింద పెట్టారు. ఆగస్టులో విశాఖ గాలిలో తేమ ఎంతో ఇక్కడ పుట్టినవారికి చెప్పక్కర్లేదు. 2 శాతం తేమతో కరకరలాడే చిప్, 4 శాతానికి చేరకముందే మెత్తబడటం మొదలెడుతుంది. బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ కలిపేవాళ్లు మరమరాల డబ్బా మూత తీసీ తీయగానే మూసేస్తారు, కలిపింది కలిపినట్టు చేతికిచ్చేస్తారు. మిగతా మూడు ప్యాకెట్లనూ మాత్రం పిల్లల ముందు అప్పటికప్పుడు చింపారు.

రుచుల సంగతికొస్తే, పిల్లలు అనుకున్నంత దూరంలో లేరు. సాల్ట్ అండ్ వెనిగర్‌కు మొదటి స్థానం ఇచ్చిన పిల్లలు ఇష్టపడింది పులుపును. చిప్ మీద సీసాలోని వెనిగర్ చల్లితే మెత్తబడుతుంది కనుక ఫ్యాక్టరీలు సాధారణంగా సోడియం డైఎసిటేట్ అనే పొడి వాడతాయి. చీజ్ అండ్ ఆనియన్‌లో పాలపొడి, ఉల్లిపొడి. మసాలా రకాల్లో ఉల్లి, వెల్లుల్లి, మిరప, పులుపు, వాటిని ఎత్తి చూపడానికి 627, 631 అనే అంకెలతో రాసే రుచిపెంచే పదార్థాలు. ఇవన్నీ బాగా మెత్తటి పొడులు. పొడి ఎంత మెత్తనైతే నాలుక మీద అంత త్వరగా కరుగుతుంది, తక్కువ ఉప్పుతోనే ఎక్కువ రుచి తెలుస్తుంది. మన కొట్లలో గరుకు ఉప్పు, గరుకు కారం చల్లుతారు. సగం కవరు అడుగుకు జారుతుంది, పైముక్క చప్పన, అడుగుముక్క మంట.

పిల్లలకు మన రుచి ఇవ్వాలంటే 100 గ్రాముల చిప్స్‌కు ఒకటిన్నర గ్రాముల ఉప్పు, రెండు గ్రాముల కారం, గ్రాము ఆమ్‌చూర్ (ఎండు మామిడి పొడి), గ్రాము ఆవపిండి, అర గ్రాము వెల్లుల్లి పొడి, చిటికెడు వేయించిన మెంతిపొడి. అన్నీ కలిపి మిక్సీలో తిప్పి, సన్న జల్లెడ పట్టి, చిప్స్ మూకుట్లోంచి తీసిన నిమిషంలోపు, పైన నూనె తడి ఉండగానే చల్లి పెద్ద గిన్నెలో ఎగరేయాలి. ఆరాక చల్లితే అంటదు. మెంతి చిటికెడు దాటితే చేదు. ఆవ ఘాటు తడి తగిలితేనే పుడుతుంది కాబట్టి ముందు ఉప్పూ పులుపూ తెలిసి, నమిలాక ఆవ ఎక్కుతుంది, ఆవకాయ తిన్న వరుసలోనే. సాల్ట్ అండ్ వెనిగర్ ఇష్టపడే పిల్లవాడికి కారం సగం చేసి ఆమ్‌చూర్ రెట్టింపు చేయండి. బాగా ఎండబెట్టి పొడిచేసిన గోంగూరైతే ఇంకా మేలు.

కార్యవర్గానికి ఒక విన్నపం. వచ్చే ఏడాది ఈ పోటీ మానేయకండి, సరిగ్గా పెట్టండి. ఆ కొట్టు ఆయన్నే పిలిచి, ముందుగా సగం డబ్బులిచ్చి, హాలు పెరట్లో పొయ్యి పెట్టించండి. దుంప జూలై మూడో వారానికల్లా కొని, విశాఖలో ఉన్న సభ్యులెవరింట్లోనైనా ఏసీ గదిలో గోనె కింద ఉంచండి. కొత్త నూనె సంఘం ఖర్చుతో తెప్పించండి. కొస ముక్కలు పక్కన పడేయడానికి ఇద్దరు పెద్దపిల్లలను కూర్చోబెట్టండి, కెమెరా చేసే పని వాళ్ల కళ్లు చేస్తాయి. చెక్కు తీసి, నల్లవి ఏరేశాక పది కిలోల దుంపకు రెండున్నర కిలోల చిప్స్ దిగుతాయి. తలా 25 గ్రాముల చొప్పున వందమంది పిల్లలకు సరిపోతాయి. అంతకు మించి పిల్లలు వచ్చేలా ఉంటే, జూన్ నెలాఖరులోపు పేర్లిస్తే బస్తా లెక్క తేలుతుంది.