అర్ధరాత్రి వరి చేను ముంచే కుట్ర

చిన్న రైతుకు బీమా అందాలంటే రిస్కును అందరం పంచుకోవాలని సదస్సుల్లో చెబుతుంటారు. చక్కటి మాట. పంచుకోవాలంటే ఒకరిమీద ఒకరికి నమ్మకం ఉండాలి కదా! అందుకే కేంద్ర పంటల బీమా పథకమైన ప్రధానమంత్రి ఫసల్ బీమాను నడిపే పెద్దలు 2018లో ఓ పని చేశారు. ఒక్కో రైతు నష్టాన్ని విడిగా లెక్కగట్టే స్థానిక విపత్తుల జాబితాలోంచి వరి ముంపును తీసేశారు. వడగళ్లు ఉంచారు, కొండచరియలు ఉంచారు. (గోదావరి డెల్టాలో వరి మడి మీద కొండచరియ పడటం చూసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.)

కారణాలు రెండట. మునిగిన పంటను అంచనా వేయడం కష్టం. రెండోది మోరల్ హజార్డ్. బీమా ఉంది కదా అని మనిషి నష్టం కావాలనే తెచ్చుకుంటాడేమోనన్న బెంగ.

ఆ బెంగ ఉత్తిదేం కాదు. అమలాపురం అవతల ఎకరంన్నర పల్లపు చేను ఉన్న రైతును తీసుకోండి. ఎరువుల కొట్లో బాకీ, బ్యాంకులో ఇంటావిడ నగలు. గింజ గట్టిపడుతోంది. సరిగ్గా అప్పుడే అతనికి పాడుబుద్ధి పుడుతుంది. దుప్పటి కప్పుకుని అర్ధరాత్రి సముద్రం ఒడ్డుకెళ్లి బంగాళాఖాతంతో బేరం పెడతాడు. "ఓ అల్పపీడనం కావాలి. తుఫాను వద్దు, అందరి చేలూ మునుగుతాయి. నాదొక్కటి మునిగితే చాలు." సముద్రం అడ్వాన్సు అడుగుతుంది. చెవి కమ్మలు తీసిస్తాడు. తిరిగొస్తూ మురుగు కాలవలో గుర్రపుడెక్క పెంచుతాడు. పూడిక తీయొద్దని అధికారుల కాళ్లు పట్టుకుందామనుకుంటాడు గానీ, ఆ విషయంలో వాళ్లు ఏళ్ల తరబడి అడక్కుండానే సాయపడుతున్నారు. ఇలా విత్తనం, ఎరువు, కూలి డబ్బులన్నీ తన చేత్తో నీళ్లలో ముంచేసి, పరిహారం కోసం నెలలు ఎదురుచూసి, కోటీశ్వరుడైపోతాడు.

ఇంత ప్రమాదకరమైన మనిషి కాబట్టి అతన్ని ఊరి సగటు దిగుబడికి అప్పజెప్పారు. అది పడిపోతేనే పరిహారం. పంచాయతీకి నాలుగు చోట్ల చిన్న మడి కొలిచి, కోసి, నూర్చి, తూస్తారు. మెరక చేలు పండితే ఊరు పండినట్టే. పల్లంలో కంకి మీదే మొలకలొచ్చినా ఆ సగటుకు పట్టదు. ఖరీఫ్‌లో 2 శాతం ప్రీమియం మాత్రం మెరక రైతు, పల్లపు రైతు ఇద్దరి దగ్గరా తీసుకుంటారు.

కొన్ని రాష్ట్రాల్లో ఓ పద్ధతి ఉంది. క్లెయిములు ప్రీమియంలో 110 శాతం దాటితే ఆ పైదంతా రాష్ట్ర ప్రభుత్వమే భరిస్తుంది. కంపెనీ నష్టానికి గట్టు కట్టారన్నమాట. ఇక్కడ మోరల్ హజార్డ్ ఎవరికీ గుర్తురాదు. ఏసీ గదుల్లో పాడుబుద్ధులు పుట్టవు కాబోలు.

2026 ఖరీఫ్ నుంచి వరి ముంపును మళ్లీ చేరుస్తామని 2025 నవంబరులో ప్రకటించారు. ఏడేళ్లలో రైతు మంచివాడయ్యాడేమో, సంతోషం. నష్టాన్ని 72 గంటల్లోగా, ఎక్కడ తీశారో చూపే జియోట్యాగ్ ఫొటోలతో యాప్‌లో చెప్పాలి. స్తంభాలు ఒరిగి, కరెంటు పోయి, టవరు మూగబోయి, ఫోను చచ్చినా గంటలు మాత్రం లెక్కలో ఉంటాయి.

సరే, ఫోను బతికే ఉందనుకుందాం. చేను కౌలుదైతే? డెల్టాలో బురదలో దిగేది చాలామట్టుకు కౌలు రైతే. ఆంధ్రాలో 2019 చట్టం ప్రకారం అతనికి బీమాకు పనికొచ్చే సాగుదారు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. పెడితే పొలం పోతుందని ఆసామి పెట్టడు. పెట్టనివాణ్ణి ఒక్కడూ నిలదీయడు. నడుంలోతు నీళ్లలో కుళ్లిన కంకులు ఏరుకుంటున్నవాణ్ణి పట్టుకుని "నువ్వు రైతువని రుజువేదీ" అనడానికి సిగ్గుండాలి! చేతులకు అంటిన ఆ బురద సరిపోదా? విత్తనం అతను కొన్నాడు, వడ్డీకి అతను తెచ్చాడు, నిద్ర అతను మానుకున్నాడు. పరిహారం దగ్గరికొచ్చేసరికి అతను ఎవరో ఎవరికీ తెలీదు. పంచుకుంటామన్న రిస్కులో ఇంతవరకూ అతని దగ్గర్నుంచి ఎవరు ఎంత తీసుకున్నారో ఆ సదస్సుల్లోనే ఓసారి చెప్పండి. సంక్రాంతికల్లా అతను ఆసామికి కౌలు కింద మక్తా బస్తాలు కొలవాలి.