బెంజీన్‌కు పౌరసత్వం ఉండాలి

ఆరు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు. బెంజీన్ గుంటూరులో ఉన్నా బోస్టన్‌లో ఉన్నా ఇంతేనని మన లెక్చరర్లు తరతరాలుగా పిల్లలను తప్పుదోవ పట్టించారు. అమెరికాలో ఎండీ సీటుకు (అక్కడ ఎండీ అంటే డిగ్రీ అయ్యాక చేరే, మన ఎంబీబీఎస్‌కు సాటి చదువు) దరఖాస్తు పెట్టబోయే భారతీయ విద్యార్థి ముందుగా వదిలించుకోవలసిన భ్రమ ఇది. అమెరికాలోనో కెనడాలోనో గుర్తింపు పొందిన కాలేజీలో, సెమిస్టర్‌కు నాలుగు క్రెడిట్ల చొప్పున, ల్యాబ్‌తో సహా రెండు సెమిస్టర్లు కనిపించిన బెంజీనే బెంజీన్. మిగతాది పుకారు.

ఈ నియమాన్ని ఎగతాళి చేసేవారికి చరిత్ర తెలియదు. జాన్స్ హాప్‌కిన్స్ వైద్య కళాశాల 1893లో తలుపులు తెరిచినప్పుడే డిగ్రీ ఉన్నవాళ్లు మాత్రమే రమ్మంది. 1910లో ఏబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే విద్యావేత్త అమెరికాలోని వైద్య కళాశాలలన్నీ తిరిగి నివేదిక రాసి, వైద్యం చదవడానికి ముందు కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ కాలేజీ స్థాయిలో చదివి ఉండాలన్నాడు. అప్పట్లో ఫీజు కడితే చాలు డాక్టరును చేసి పంపే దుకాణాలు అక్కడ బోలెడు ఉండేవి కాబట్టి ఆయన మాట సబబే. ఆ మాట నేటికీ చెక్కుచెదరలేదు. బయాలజీ ఏడాది, జనరల్ కెమిస్ట్రీ ఏడాది, ఆర్గానిక్ ఏడాది, ఫిజిక్స్ ఏడాది, అన్నీ ల్యాబ్‌తో. ఒక్కోటి 8 సెమిస్టర్ అవర్లు, అంటే క్రెడిట్లు, క్వార్టర్ పద్ధతి ఉన్న కాలేజీలో అయితే 12. పైన బయోకెమిస్ట్రీ ఒక సెమిస్టర్, ఇంగ్లిష్ ఏడాది, స్టాటిస్టిక్స్. 2015లో అక్కడి వైద్య ప్రవేశ పరీక్ష ఎంక్యాట్ రూపం మారాక సైకాలజీ, సోషియాలజీ కూడా వచ్చి చేరాయి. గ్రేడు సి కంటే తగ్గకూడదు. సి మైనస్ వస్తే చాలాచోట్ల ఆ కోర్సు చేయనట్టే లెక్క.

ఇవన్నీ ఇంటర్‌లోనే చదివేశాం కదా అనే అమాయకులు ఉన్నారు. ఇంటర్ అక్కడ హైస్కూలు. బైపీసీలో బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ నాలుగింటిలోనూ ప్రాక్టికల్స్‌కు 30కి 30 తెచ్చుకున్న వీరులకు ఇది మింగుడుపడదు. పరీక్షలో తనకు రాబోయే సాల్ట్ ఏమిటో ముందురోజు సాయంత్రానికే తెలుసుకోగలిగిన విద్యార్థి విశ్లేషణా శక్తిని అమెరికా లెక్కలోకి తీసుకోకపోవడం విచారకరమే. అయినా నియమం నియమమే.

ఇంటర్ పోతే పోయింది, బీఎస్సీ ఉందిగా అంటారా? ఇక్కడే ఆమ్‌కాస్ మహిమ తెలుస్తుంది. ఎండీ కాలేజీలు చాలావరకు దరఖాస్తులు తీసుకునే ఈ ఉమ్మడి వ్యవస్థ విదేశీ ట్రాన్స్‌క్రిప్టును సరిచూడదు, అందులోని మార్కులను జీపీఏలో, అంటే గ్రేడు పాయింట్ల సగటులో, కలపదు. చదివిన కాలేజీ పేరు రాయవచ్చు, అంతే. గోల్డ్ మెడల్ వచ్చినా, సప్లీలు రాసి గట్టెక్కినా అక్కడ ఇద్దరూ సమానులే. మనదేశంలో ఏ పథకమూ సాధించలేని సమానత్వం ఇది.

జీపీఏలో విదేశీ మార్కులు కలవకపోవడం ఊరట అనుకునేవారు కాస్త లెక్క వేసుకోవాలి. గ్రేడు ఏకి 4 పాయింట్లు, సికి 2. అమెరికాలో చేసినవి 32 క్రెడిట్లే అనుకుందాం. అందులో ఒకే ఒక్క నాలుగు క్రెడిట్ల కోర్సులో సి వచ్చి, మిగతా అన్నింటా ఏ వచ్చినా జీపీఏ 3.75కు పడిపోతుంది. 120 క్రెడిట్లు అక్కడే చదివిన పిల్లాడికి అదే సి వస్తే 3.93 దగ్గర నిలుస్తాడు. ఆర్గానిక్‌లో ఒక్కసారి జారితే మన విద్యార్థిని పట్టుకోవడానికి పాత మార్కుల పరుపు లేదు.

ఆస్టియోపతిక్ కాలేజీలు, అంటే ఎండీకి బదులు డీఓ అనే డాక్టరు డిగ్రీ ఇచ్చేవి, కాస్త మెత్తన. వాటి దరఖాస్తు వ్యవస్థ ఆకోమాస్ విదేశీ చదువుకు కోర్సువారీ మూల్యాంకనం చేయించి పంపమంటుంది. పంపాలంటే మన విశ్వవిద్యాలయ పరీక్షల విభాగం నుంచి మూల్యాంకనం చేసే సంస్థకు ట్రాన్స్‌క్రిప్టు సీల్డ్ కవరులో వెళ్లాలి, అతుకు మీద సంతకం, ముద్ర పడాలి. సీఎంఎం (అన్నేళ్ల మార్కుల మెమో), పీసీ (ప్రొవిజనల్), ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) మూడూ ముందే పోగుచేసి, వాటిలో పేరు, ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్న వరుసలోనే ఉన్నాయా లేదా చూసుకోవాలి. కవరును దారిలో ఎవరూ, ముఖ్యంగా విద్యార్థి తండ్రి, ఆత్రంగా చింపి చూడకూడదు. చింపితే మళ్లీ మొదటి నుంచి. పనిలో పనిగా ప్రతి సబ్జెక్టు సిలబస్ కూడా కాలేజీ ముద్రతో తెచ్చుకోవాలి. మెమోలో ప్రాక్టికల్ పేపరు విడిగా కనిపించకపోతే ఆ కోర్సుకు ల్యాబ్ లేదనే అనుకుంటారు.

ఇక మన డిగ్రీలకు ఉన్న చిల్లుల సంగతి. బీజెడ్‌సీ చదివినవాళ్లకు బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ పుష్కలంగా ఉంటాయి, ఫిజిక్స్ సున్నా. పైగా కొన్ని కాలేజీలు బోటనీని బయాలజీ కింద ఒప్పుకోవు. మొక్కలు రోగులుగా రావు అన్నది వాళ్ల వాదన కాబోలు. బీటెక్ చేసినవాడికి ఫిజిక్స్, గణితం ఉంటాయి, బయాలజీ ఇంటర్ ముందే విడాకులు తీసుకుంది. బీఫార్మసీలో ఆర్గానిక్, బయోకెమిస్ట్రీ రెండూ ఉంటాయి, విడిగా ఫిజిక్స్ అన్న పేపరు ఉండదు. అందరికీ ఉమ్మడి చిల్లు ఇంగ్లిష్. ప్రిన్సిపాల్‌కు సెలవుచీటీ, ఎడిటర్‌కు లేఖ రాసి నెగ్గుకొచ్చిన జనరల్ ఇంగ్లిష్‌ను రైటింగ్ కోర్సు అనమంటే ఏ కమిటీ అనదు. ఇంగ్లిష్ మాతృభాష కానివారికి పెట్టే ఈఎస్ఎల్ తరగతులు కూడా చాలాచోట్ల దీని కింద చెల్లవు.

చిల్లులు పూడ్చడానికి అమెరికా వెళ్లాలి. ఎంతకాలం అన్నది కాలేజీ మనసును బట్టి ఉంటుంది. కొన్ని ఏడాది చాలంటాయి, కొన్ని రెండేళ్లంటాయి, కొన్ని డిగ్రీ మొత్తం అమెరికాలోనే చేసి రమ్మంటాయి. టెక్సాస్‌కు సొంత దరఖాస్తు వ్యవస్థ ఉంది, అది 90 సెమిస్టర్ అవర్లు అడుగుతుంది. అసలు విదేశీయులను తీసుకోనే తీసుకోని కాలేజీలు, ముఖ్యంగా ప్రభుత్వ కాలేజీలు, చాలా ఉన్నాయి. అందుకే కోర్సుల్లో చేరకముందే అమెరికా వైద్య కళాశాలల సంఘం ఏఏఎంసీ వారి ఎంసార్ (కాలేజీలవారీ ప్రవేశ నియమాల) జాబితా తెరిచి, విదేశీయులను తీసుకునేవి మాత్రమే ఏరి, ఒక్కోదానికి ఒక వరుస పెట్టి పట్టిక వేసుకోవాలి. సందేహం ఉన్న కోర్సు సిలబస్ జతచేసి అడ్మిషన్ల కార్యాలయానికి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబును పాస్‌పోర్టు పక్కన దాచుకోవాలి. ఫోనులో చెప్పిన మాటకు ఆ తర్వాత సాక్షులు దొరకరు.

ఆ జాబితా చదవడంలో ఒక మెలకువ ఉంది. ఈమధ్య చాలా కాలేజీలు కోర్సులు ముఖ్యం కాదు, సామర్థ్యాలు ముఖ్యం అని ప్రకటించి, తప్పనిసరి అన్న మాట తీసేసి సిఫార్సు అని రాస్తున్నాయి. ఇది మగపెళ్లివారు "మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీ ముచ్చట కొద్దీ పెట్టుకోండి" అనడం లాంటిది. ఆడపిల్ల తండ్రి ఏం చేస్తాడో విద్యార్థి అదే చేయాలి.

సరే, వెళ్తాం, ఏడాదిలో అన్నీ కలిపి కొట్టేస్తాం అంటారు మనవాళ్లు. ఎనిమిది సబ్జెక్టులు ఒక్క రాత్రిలో చదివిన జాతి కదా. కానీ కెమిస్ట్రీ ఒక గొలుసు. జనరల్ కెమిస్ట్రీ రెండు భాగాలు అయితేగానీ ఆర్గానిక్ ఒకటి ఇవ్వరు, అది అయితేగానీ ఆర్గానిక్ రెండు ఇవ్వరు, చాలాచోట్ల అదీ అయితేగానీ బయోకెమిస్ట్రీ ఇవ్వరు. మొత్తం ఐదు సెమిస్టర్లు. జనరల్ కెమిస్ట్రీని వేసవిలో కుదిస్తే ఒక సెమిస్టర్ మిగులుతుంది. ఆర్గానిక్ ఒకటి చాలా కాలేజీల్లో ఆగస్టులోనే మొదలవుతుంది. ల్యాబ్ సెక్షన్ నిండిపోయి ఆ ఆగస్టు తప్పితే పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఏడాది. కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన పూటే ల్యాబ్ సెక్షన్ పట్టుకోవాలి, లెక్చర్ సంగతి తర్వాత. ఇవన్నీ అయ్యాక ఎంక్యాట్. ఏడున్నర గంటల పరీక్ష, 230 ప్రశ్నలు, 472 నుంచి 528 వరకు మార్కులు. దరఖాస్తు జూన్ మొదట్లో పెడితే తరగతిలో కూర్చునేది మరుసటి ఏడాది ఆగస్టు ప్రాంతంలో.

ఈ లోపు వీసా తన సొంత ప్రిరిక్విజిట్లతో, అంటే ముందస్తు షరతులతో, సిద్ధంగా ఉంటుంది. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్న అండర్‌గ్రాడ్యుయేట్ సెమిస్టర్‌కు 12 క్రెడిట్లకు తగ్గకూడదు. ఆన్‌లైన్‌లో చేసేది ఒక్క కోర్సు, మహా అయితే మూడు క్రెడిట్లు మాత్రమే ఆ లెక్కలోకి వస్తుంది. ఆన్‌లైన్ ల్యాబ్‌ను వైద్య కళాశాలలు ఎలాగూ చాలావరకు ఒప్పుకోవు. డిగ్రీ అయ్యాక చేసే, మరో డిగ్రీ ఇవ్వని పోస్ట్‌బ్యాక్ కోర్సులు అన్నీ ఈ వీసాకు కావలసిన ఐ-20 పత్రం ఇస్తాయని లేదు, ఫీజు కట్టే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. ఐ-20 ఇచ్చినా, డిగ్రీ లేని చదువుకు ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి, వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. అప్పుడు దరఖాస్తు పెట్టి ఎదురుచూసే ఏడాదంతా ఏ హోదాలో, ఏ గడ్డ మీద ఎదురుచూడాలన్నది ఆర్గానిక్ కంటే జటిలమైన సమస్య. ఖర్చు ఎక్కువైనా రెండో బ్యాచిలర్స్ డిగ్రీలో చేరేవారు చేరేది అందుకే. పాత కోర్సులు కొన్నింటిని ఆ కాలేజీ బదిలీ క్రెడిట్లుగా ఒప్పుకుంటే అదనపు లాభం.

వీరికంటే చిత్రమైన విదేశీ విద్యార్థి మరొకడు ఉన్నాడు. టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో పెరిగాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడలేడు, హైదరాబాద్ వస్తే మినరల్ వాటర్‌తో పళ్లు తోముకుంటాడు. తండ్రి గ్రీన్‌కార్డు వరుసలో నిలబడి ఉండగానే వీడికి 21 నిండుతాయి, తండ్రి వీసాను పట్టుకుని వచ్చిన హెచ్-4 పోతుంది, ఎఫ్-1 వస్తుంది, దరఖాస్తులో అంతర్జాతీయ అభ్యర్థి అన్న గడిలో టిక్కు పెడతాడు. కోర్సులన్నీ అక్కడివే కాబట్టి బెంజీన్ సమస్య లేదు. వీడికి ఉన్న చిల్లు వేరు. స్కూల్లోనే కాలేజీ స్థాయి చదువైన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కెమిస్ట్రీలో 5 తెచ్చుకున్నాడని కాలేజీ జనరల్ కెమిస్ట్రీ మాఫీ చేస్తుంది, డబ్బు మిగిలిందని ఇంట్లో పాయసం చేస్తారు. చాలా వైద్య కళాశాలలు ఆ క్రెడిట్‌ను ఒప్పుకోవు, లేదా అదే సబ్జెక్టులో పైస్థాయి కోర్సు ల్యాబ్‌తో చేసి చూపమంటాయి. ఒప్పుకునేవి కూడా ట్రాన్స్‌క్రిప్టులో సబ్జెక్టు పేరుతో, క్రెడిట్ల అంకెతో కనిపించాలంటాయి.

ఇన్ని చెప్పాక ఒక తెలుగువాడి ప్రస్తావన తేకపోతే బాగుండదు. యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ఎంబీబీఎస్‌కు బదులు చిన్న డిగ్రీ చేతిలో పెట్టించుకుని, 1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరాడు. ఆసుపత్రిలో కూలిపని చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. అక్కడి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. మన బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో పిల్లలు ఆ పద్ధతితోనే నీలిరంగు తెప్పిస్తారు. ఒక భీమవరం మనిషి హార్వర్డ్‌లో రూపొందించిన ప్రయోగాన్ని విశాఖలో ఒక విద్యార్థి తప్పు లేకుండా చేసినా అది ల్యాబ్ కిందికి రాదు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. అమెరికాలో ప్రిరిక్విజిట్లన్నీ పూర్తిచేసినవాళ్లకు కూడా కొన్ని కాలేజీలు కాలపరిమితి పెడతాయి. ఎంక్యాట్ మార్కులు సాధారణంగా మూడేళ్లకు మించి చెల్లవు. 1925 నాటి బయోకెమిస్ట్రీని ఏ కమిటీ ఒప్పుకుంటుంది?

ఇదంతా ఎందుకు, ఎంబీబీఎస్ చేసి వెళ్లొచ్చు కదా అంటారు గిట్టనివారు. నిజమే. నీట్ రాసి, ఇంటర్ నుంచి నేరుగా ఎంబీబీఎస్‌లో చేరి, అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష యూఎస్ఎమ్ఎల్ఈ స్టెప్ 1, స్టెప్ 2 గట్టెక్కి, విదేశీ వైద్య పట్టభద్రులకిచ్చే ఈసీఎఫ్ఎమ్‌జీ సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడిని కాలేజీ ఫిజిక్స్ చేశావా అని ఎవరూ అడగరు. అతను రెసిడెన్సీలో, అంటే ఆసుపత్రి శిక్షణలో, చేరి అమెరికా రోగి గుండె మీద స్టెత్ పెడతాడు. అదే రోగి గుండె గురించి మొదటి ఏడాది పాఠం వినదలచినవాడు మాత్రం కప్పీ మీద తాడు వేసి బరువులు లాగే ల్యాబ్ రెండు సెమిస్టర్లు చేసి ఉండాలి. వైద్యం చేయడం కంటే వినడమే ప్రమాదకరమని వారు గ్రహించారు.

అన్నీ నెరవేరి సీటు వచ్చిందనుకుందాం. ఫెడరల్ విద్యారుణం పౌరులకు, గ్రీన్‌కార్డు వంటి హోదా ఉన్నవారికే. ప్రైవేటు రుణానికి సాధారణంగా అమెరికాలో ఉన్న మంచి క్రెడిట్ గల మనిషి జామీను కావాలి, అంటే న్యూజెర్సీ బాబాయి గారితో మళ్లీ మాటలు కలపాలి. ట్యూషనే ఏడాదికి 60 వేల డాలర్లు దాటే కాలేజీలు ఎన్నో ఉన్నాయి. కొన్ని కాలేజీలు విదేశీ విద్యార్థిని ఒక ఏడాది నుంచి నాలుగేళ్ల వరకు ఖర్చు మొత్తాన్ని ముందుగానే ఎస్క్రో ఖాతాలో, అంటే మూడో పక్షం కాపలా ఉండే ఖాతాలో, వేసి రమ్మంటాయి. ఈ ఒక్క షరతును మాత్రం భారతదేశంలోని ఏ బ్యాంకు నుంచైనా పూర్తిచేయవచ్చు. దీనికి ల్యాబ్ లేదు, సిలబస్ ముద్ర అక్కర్లేదు.