ఆ కోట్లు ఇచ్చిందెవరట?

విజయనగరంలో ఏ టీ కొట్టు ముందు నిలబడినా ఇదే గోల: ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌కు 27 కోట్లా? క్రికెటర్లకు అంతంత ఖరీదైన కార్లు, వాచీలు అవసరమా? అడిగే పెద్దమనిషి ఫోనులో నడుస్తున్నదీ ఐపీఎల్ ఆటే! 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులే 48,390 కోట్లకు అమ్ముడుపోయాయి. మనం కళ్లప్పగించి చూస్తాం కాబట్టే కదా అంత ధర? అందులో ఆడేవాడు వాటా తీసుకుంటే తప్పేమిటి? కారు కొంటాడో, ఏనుగునే కొంటాడో, అతడిష్టం.

నాకు ఒళ్లు మండేది వేరే చోట. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కంచు పతకం గెలిచిన కరణం మల్లీశ్వరిది ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ అయితే వెయిట్‌లిఫ్టర్ల ఊరే. మన పెద్దమనిషి ఏనాడూ బరువులెత్తే పోటీ చూడటానికి పది రూపాయలు ఖర్చు పెట్టిన పాపాన పోలేదు.