గట్టిగా అతుక్కున్నంత మాత్రాన స్పందన రాదు

వైరస్ ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాల వరుసను కంప్యూటర్‌కు ఇస్తే టీకాకు పనికివచ్చే పెప్టైడ్‌లు (ప్రోటీన్ల చిన్న ముక్కలు) తేలిపోతాయని, టీకాల రూపకల్పనపై వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త అన్న మాటలో సగమే నిజం. నెట్‌ఎంహెచ్‌సీపాన్ వంటి కంప్యూటర్ సాధనాలు ముఖ్యంగా చెప్పేది, సాధారణంగా 8 నుంచి 11 అమైనో ఆమ్లాలుండే ముక్క కణం మీద పెప్టైడ్‌లను రోగనిరోధక వ్యవస్థకు చూపించే ఒక హెచ్‌ఎల్‌ఏ అణువు గాడిలో ఎంత బాగా ఇముడుతుందన్నది. ఆ ముక్క కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్ కోతలో నిజంగా ఏర్పడుతుందా, కణం ఉపరితలం దాకా వస్తుందా, వచ్చినా దాన్ని గుర్తించగల టీ కణం (ఒక రకం తెల్ల రక్తకణం) శరీరంలో మిగిలి ఉందా అన్నవి వేరే ప్రశ్నలు. మన సొంత ప్రోటీన్లను బలంగా గుర్తించే టీ కణాలు చాలావరకు అవి పరిణతి చెందే థైమస్ గ్రంథిలోనే తొలగిపోతాయి కనుక, ఆ ప్రోటీన్లను పోలిన పెప్టైడ్ ఎంత గట్టిగా అతుక్కున్నా స్పందన రాకపోవచ్చు. అందుకే కణాల మీది పెప్టైడ్‌లను అణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీతో నేరుగా చూడటం, ఆపై స్పందించిన టీ కణాలను లెక్కించే ఎలిస్పాట్ పరీక్షలో, అవి వెలువరించే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత ప్రోటీన్ విడుదలను గమనించడం అవసరం.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది వ్యాసం తాకని మరో సంగతి. ఈ రంగంలోని సమాచారం హెచ్‌ఎల్‌ఏ అణువు రూపాలలో, ఐరోపా మూలాల వారిలో విరివిగా కనిపించే ఏ*02:01 అనే రూపం చుట్టూ పోగుపడింది. భారతీయులలో ఏ*02:11, ఏ*33:03 వంటివి గణనీయంగా ఉన్నాయి. కణితిలోని జన్యు మార్పుల వల్ల పుట్టే కొత్త పెప్టైడ్‌లను లక్ష్యంగా చేసుకునే కేన్సర్ నియోయాంటిజెన్ టీకాలు మన రోగులకు అందాలంటే, వారి అనుమతితో, ఇక్కడి ఆసుపత్రులలో తీసిన కణితుల నుంచే ఈ పెప్టైడ్‌లను గుర్తించే పని విస్తృతంగా జరగాలి.